మొదటి దుంప కొరికిన జింక

ఆర్విల్లా స్కోగెన్ చేసిన ఉద్యోగం పాలు పరీక్షించడం. అమెరికాలో పశ్చిమ విస్కాన్సిన్ గుట్టల మధ్య ఉన్న పశువుల కొట్టాలన్నీ తిరిగి, ఒక్కో ఆవు పాలు ఒక్కో చిన్న సీసాలో పట్టి, వెన్న శాతం తేల్చడానికి పంపేది. పని అంతవరకే. కానీ ఆమె అంతటితో ఊరుకునే మనిషి కాదు. పోయిన నెల చిక్కగా ఇచ్చిన ఆవు ఈ నెల పలచగా ఎందుకిస్తోందో తెలిసేదాకా రైతు వెనకాలే తిరిగేది. ఏం మేపుతున్నావు? ఎప్పటినుంచి? ఆ గడ్డి ఏ పొలంలోది? పాలు పితికే హడావిడిలో ఉన్న రైతులు విసుక్కునేవారు. "ఆర్విల్లా కారు కనబడితే చాలు, మా ఆవులు జవాబులు వల్లె వేసుకుంటాయి" అని ఒకాయన ఊరంతా చెప్పుకు తిరిగాడు. అది విని ఆమె కూడా నవ్వింది కానీ, అడగడం మానలేదు.

ఆమె భర్త డెల్మర్ దీనికి సరిగ్గా ఎదురు. ఏదైనా ఎలా ఉంటే అలా ఉందనుకునే మనిషి. ఆవులు ఉన్నన్నాళ్లు ఆవుల్ని చూసుకున్నాడు. మోకాళ్లు, నడుం మొరాయించాక ఆవుల్ని అమ్మేశాడు. ఆయనకి ఉన్న ఒకే ఒక్క పట్టుదల నవంబరులో జింకల వేట. పన్నెండో ఏట తండ్రి వెంట ఇంటి వెనక గుట్టెక్కాడు. ఆ తర్వాత ఒక్క నవంబరు కూడా తప్పలేదు. గుట్ట పైన ఓక్ చెట్లలో తండ్రి కట్టిన మంచె కూలిపోతే, అదే చెట్టు మీద ఇంకోటి కట్టుకున్నాడు. వేట మొదలయ్యే రోజున, తెల్లవారకముందే వేటగాళ్లు వేసుకునే నారింజరంగు కోటు తొడుక్కుని ఫ్లాస్కు నిండా కాఫీతో గుట్ట ఎక్కి కూర్చుంటే, ఆయనకి ఆ ఏడాది మొత్తం సరిగ్గా జరిగినట్టు లెక్క.

తుంటి కీలు మార్చిన వసంతంలో డాక్టరు చెప్పినవన్నీ తలూపుతూ విన్నాడు. నిచ్చెనలు ఎక్కొద్దంటే సరేనన్నాడు. గుట్టలు ఎక్కొద్దంటే మాత్రం తల ఊపలేదు. ఆ సంగతి ఆర్విల్లా గమనించింది.

జులైలో ఒక ఆదివారం డెల్మర్ మేనల్లుడు ట్రెంట్ వచ్చాడు. గుట్ట మీద వేటాడే బృందానికి ఇప్పుడు పెద్ద వాడే. మక్కజొన్న కండెలు తిన్నంతసేపూ వాతావరణం, ట్రాక్టర్లు, బేస్‌బాల్ మాట్లాడి, చివరికి కుర్చీలో అటూ ఇటూ కదులుతూ అసలు మాటకొచ్చాడు.

"మావయ్యా, ఈ ఏడు నువ్వు కింద రోడ్డు దగ్గరే ఉండరాదూ? మేం పైనుంచి జింకల్ని తోలుకొస్తాం. నువ్వు ట్రక్కులో వెచ్చగా కూర్చో."

"ట్రక్కులో కూర్చుని ఏం చెయ్యాలిరా? రేడియో వినాలా?"

"అది కాదు మావయ్యా... కాలు జారి నువ్వు మంచె మీంచి పడ్డావనుకో, అత్త నన్ను బతకనిస్తుందా?"

"నన్ను మధ్యలోకి లాగకు" అంది ఆర్విల్లా.

డెల్మర్ కండెకి వెన్న రాసి మరీ శుభ్రంగా తిన్నాడు. ట్రెంట్ వెళ్లాక మాత్రం వరండాలో కూర్చుని చీకటిపడేదాకా గుట్ట వైపే చూశాడు. పక్కన కూర్చున్న ఆర్విల్లా కూడా అటే చూసింది కానీ, ఆమె బుర్రలో ఇంకో ఆలోచన తిరుగుతోంది. ఈయన జింకల దగ్గరకి వెళ్లలేడు, సరే. జింకలు ఈయన దగ్గరకి ఎందుకు రాకూడదు?

కొట్టం దిగువన పెయ్యల్ని తిప్పే మడి ఒకటి ఖాళీగా పడి ఉంది. ఎన్నో ఏళ్ల పేడ తిన్న నేల. పెరటి గుమ్మంలోంచి అక్కడికి సమంగా నడిచి వెళ్లొచ్చు. ఒక్క మెట్టు కూడా ఉండదు. ఆర్విల్లా మర్నాడే దాణా మిల్లుకి వెళ్లి గేలార్డ్ ప్రోక్‌నోని పట్టుకుంది. విత్తనాలు, దాణా, కబుర్లు, మూడూ అమ్మేది ఆయనే.

"జింకలు నవంబరు, డిసెంబరుల్లో ఏం తింటాయి గేలార్డ్?"

"ఏం దొరికితే అది. ఓక్ కాయలు అయిపోయాక, మక్కజొన్న కోసేశాక వాటికి కష్టకాలమే."

"అప్పటిదాకా పచ్చగా నిలిచేదేంటి?"

"టర్నిప్పు దుంపలు, ముల్లంగి. ఆగస్టు మొదట్లో చల్లితే మంచు పడ్డా చావవు. చలి తగిలితే తీపెక్కుతాయి కూడాను." ఆయన కళ్లద్దాల పైనుంచి చూశాడు. "నువ్వు వేటాడవుగా?"

"నేను ఆడను. భోజనం పెడతాను."

ఇంటికొచ్చి చెబితే డెల్మర్ నవ్వాపుకోలేకపోయాడు. "టర్నిప్పా! మా అమ్మ బతిమాలి పెడితే నేనే తినలేదు. అడవిలో స్వేచ్ఛగా తిరిగే జింకకి ఏం ఖర్మ?"

"మీ అమ్మ ఉడకబెట్టి పెట్టింది. నేను పచ్చివి పెడుతున్నాను. హెగెన్‌బార్త్ వాళ్ల ఆవులు టర్నిప్ మడిలో పడ్డప్పుడు వారం రోజులు పాలన్నీ అదే వాసన. కంచె తెంపుకుని మరీ వెళ్లాయి, తెలుసా?"

"ఆవుకి బుద్ధి తక్కువ."

"చూద్దాం ఎవరికి తక్కువో."

డెల్మర్ ఎంత వెక్కిరించినా ట్రాక్టరు మాత్రం ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. సీటు మీద రెండు దిండ్లు వేసుకుని, మెట్టు మీద కాలు పెట్టేటప్పుడు ఒక బూతు, దిగేటప్పుడు ఇంకో బూతు చొప్పున తిడుతూ మడంతా దున్ని చదును చేశాడు. ఆర్విల్లా మెడకి సంచి తగిలించుకుని, చేత్తో తిప్పే చిన్న చక్రంతో విత్తనాలు వెదజల్లింది. ఆవగింజలంత విత్తనాలు. అంత పెద్ద మడికి ఆ కాస్త సంచి సరిపోతుందంటే ఆమెకే నమ్మకం కలగలేదు. ఆ రాత్రి వాన పడింది. వారం తిరక్కుండానే మడి మీద పచ్చటి నూగు లేచింది. సెప్టెంబరు చివరికి ఆకులు మోకాలెత్తు వచ్చాయి. వాటి కింద ఊదా, తెలుపు కలిసిన దుంపలు నేలలోంచి భుజాలు పైకెత్తి కూర్చున్నాయి. దారిన పోయేవాళ్లు కారు ఆపి చూసేంత అందంగా ఉండేది.

జింకలు మాత్రం ఆగలేదు.

వచ్చేవి. సాయంత్రం పూట గుట్ట దిగి, టర్నిప్ మడి మధ్యలోంచి తాపీగా నడిచి, రోడ్డు దాటి పక్కవాళ్ల సోయా చేలోకి వెళ్లేవి. తెల్లారి అదే దారిన తిరిగి వచ్చేవి. ఒక్క ఆకు కొరికిన గుర్తు లేదు. ఆర్విల్లా రోజూ వెళ్లి వరుసలన్నీ వంగి చూసేది. ఆకు తుంపి తానే నమిలి చూసింది. ఘాటుగా, చేదుగా ఉంది. దుంప చెక్కు తీసి కొరికింది. కాస్త ఘాటే కానీ ఫరవాలేదు. మరి వీటికేం రోగం?

"చెప్పానా?" అన్నాడు డెల్మర్. "వాటికీ మా అమ్మే గుర్తొస్తోంది."

ఆమె మళ్లీ మిల్లుకి వెళ్లింది. గేలార్డ్ గడ్డం గోక్కుంటూ కాస్త ఇబ్బందిగా చెప్పాడు. "ఒక మాట నీకు ముందే చెప్పాల్సింది. మన చుట్టుపక్కల టర్నిప్ వేసినవాళ్లు లేరు. ఎప్పుడూ చూడని జింకలకి అది తిండి అని తెలీదు. కొన్నిచోట్ల రెండు మూడేళ్లు ముట్టుకోలేదట."

"తర్వాత?"

"తర్వాత తిన్నాయి."

"అంటే ఏదో ఒకటి ముందు తినాలి కదా. అదెవరు? దానికెలా తెలిసింది?"

"నేను మిల్లు నడుపుకునేవాణ్ణి ఆర్విల్లా" అన్నాడాయన బతిమాలుతున్నట్టు.

డెల్మర్ కోసం మొదలుపెట్టిన పని ఆ రోజు నుంచి ఆమె సొంత పని అయిపోయింది. గిన్నెలు కడుగుతున్నా అదే ధ్యాస, చర్చిలో పాట పాడుతున్నా అదే ధ్యాస. మొదటి ఆవుకి గడ్డి తినమని ఎవరు చెప్పారు? తల్లి తింటే పిల్ల తింటుంది, సరే. తల్లికి? ఒకరోజు కత్తి పట్టుకుని మడిలోకి బయల్దేరితే డెల్మర్ గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికి?"

"నాలుగు దుంపలు పెకలించి, కోసి పెడతాను. వాసన తగిలితే అవే తింటాయి."

"తల్లీ, నీకో దండం. నేలలో నిలబడి ఉన్నంతసేపూ అది పంట. నువ్వు కోసి పరిచావంటే అది ఎర. ఈ జిల్లాలో ఎర పెట్టకూడదు. అటవీ గార్డు వచ్చి నా తుపాకీ పట్టుకుపోతే నువ్విస్తావా?"

ఆమె కత్తి తీసుకెళ్లి సొరుగులో పడేసింది. నేర్పడానికి వీల్లేదు. ఎదురుచూడటమే.

నవంబరు వేట వచ్చింది. మడి అంచున, పాత గడ్డిమోపులు మూడు వైపులా పేర్చి, పైన రేకు వేసి ట్రెంట్ మాటు కట్టి ఇచ్చాడు. డెల్మర్ అందులో కుర్చీ వేసుకుని రోజూ కూర్చున్నాడు. గుట్ట మీద తుపాకులు పేలుతూనే ఉన్నాయి. కింద మడిలో కాకులు తప్ప ఎవరూ దిగలేదు. వేట కలకలానికి జింకలు ఆ సాయంత్రపు నడక కూడా మానేశాయి. బృందమంతా ఆర్విల్లా బల్ల దగ్గరే రాత్రి భోజనాలకి చేరేది. జాన్సన్‌విల్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు "డెల్మర్ గారూ, పచ్చడికైనా పనికొస్తాయేమో ఆ దుంపలు" అంటే అందరూ పగలబడి నవ్వారు. డెల్మర్ కూడా నవ్వాడు. "పచ్చడి పెట్టాక నీకే మొదటి సీసా" అన్నాడు. కానీ చివరి రోజు సాయంత్రం తుపాకీ తుడిచి బీరువాలో పెడుతున్నప్పుడు ఆయన చెయ్యి ఆ తలుపు మీద కాసేపు అలాగే ఉండిపోవడం ఆర్విల్లా చూసింది. తాను పెట్టిన ఆశ వల్లే ఈ నవంబరు ఇంకా చప్పబడిందేమో అని ఆమెకి అనిపించింది.

డిసెంబరులో పెద్ద మంచు పడింది. తర్వాత ఆకాశం తేటపడి, ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టే చలి వచ్చింది. ఒక మధ్యాహ్నం కోళ్లకి నీళ్లు పెట్టి వస్తూ ఆర్విల్లా మడి వైపు చూసి ఆగిపోయింది. మంచు మీద గిట్టల జాడ ఒకటి ఎప్పటిలా మడిని దాటిపోకుండా మధ్యలో ఆగింది. అక్కడ మంచు గీకి ఉంది. ఒక ఆకు కొస తెగి ఉంది. దుంప ముట్టుకోలేదు.

ఆమె ఇంట్లోకి వెళ్లలేదు. పాత పాలగది కిటికీ మడి వైపే తెరుచుకుంటుంది. పాలు చల్లబరిచే తొట్టి అమ్మేశాక అందులో ఖాళీ డబ్బాలు తప్ప ఏమీ లేవు. ఒక డబ్బా బోర్లించి, కాళ్ల చుట్టూ గొంగళి చుట్టుకుని కూర్చుంది. ఆ రోజు ఏమీ రాలేదు. మర్నాడూ రాలేదు. డెల్మర్ తలుపు తీసి చూసి, "నాకు తుంటి పోయింది, నీకు మతి పోయింది" అని, కాఫీ పెట్టి వెళ్లిపోయాడు.

మూడోనాడు వెలుతురు వాలుతుండగా ఒక ఆడజింక దిగింది. ఎడమ చెవి చీలి రెండు ఆకుల్లా వేలాడుతోంది. కంచె తీగకి తగిలి చిరిగిందో, కుక్క పట్టిందో. వెనక ఆ ఏటి పిల్లలు రెండు. చీలిన చెవిది నేరుగా మొన్న గీకిన చోటికే వచ్చింది. ముందు కాలితో మంచు తోడింది. ఆకు కొరికి నమిలింది. నమలడం ఆపి, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు తలెత్తి నిలబడింది. మళ్లీ వంగి దుంప భుజం పట్టుకుని లాగింది. నేల గడ్డకట్టి ఉంది, రాలేదు. తల పక్కకి తిప్పి పళ్లతో గీకింది. ఒక్క ఊపున దుంప ఊడి వచ్చి, నోట్లోంచి జారి, మంచు మీద దొర్లుకుంటూ పిల్లల వైపు పోయింది. మూడు జింకలూ బాంబు పడ్డట్టు ఎగిరి అంత దూరాన దూకి, తోకలు తెల్లగా ఎత్తి నిలబడ్డాయి. పాలగదిలో ఆర్విల్లా రెండు చేతులతో నోరు మూసుకుంది.

దుంప ఎవరినీ ఏమీ చెయ్యలేదు. కాసేపటికి తల్లి మెడ సాచి, ఒక్కో అడుగే వేసుకుంటూ వెనక్కి వచ్చి, వాసన చూసి, కరకరా కొరికింది. ఆ చప్పుడు కిటికీ దాకా వినబడింది. పిల్లల్లో ఒకటి వచ్చి తల్లి మూతికి మూతి ఆనించి, నోట్లోంచి కారుతున్న రసం నాకింది. తర్వాత అదే వంగి ఇంకో చోట మంచు గీకడం మొదలుపెట్టింది.

ఆర్విల్లా వంటింట్లోకి పరిగెత్తినంత పని చేసింది. "డెల్మర్! తిన్నది! చీలిన చెవిది తిన్నది! పిల్లకి నోట్లో రుచి చూపించింది!"

డెల్మర్ పేపరు దించాడు. "ఏ చెవి?"

మర్నాడు ఆమె అదే వరుసలోంచి ఒక దుంప తెచ్చి చెక్కు తీసి చెరో ముక్క పెట్టింది. అక్టోబరు నాటి ఘాటు లేదు. ఆపిల్ పండులా తియ్యగా, చల్లగా ఉంది. డెల్మర్ మొహం చిట్లించి నోట్లో పెట్టుకుని, నమిలి, రెండో ముక్క తీసుకున్నాడు. ఆ వారాంతానికి మడిలో జింకలు గుంపులుగా కనిపించాయి. మంచంతా తొక్కి బురద చేశాయి.

క్రిస్మస్ తర్వాత ఆడజింకల వేటకి కొన్ని రోజులు అనుమతి ఉంటుంది. మొదటిరోజు మధ్యాహ్నం డెల్మర్ కోటు తొడుక్కుంటుంటే ఆర్విల్లా కూడా నారింజరంగు చొక్కా పైన వేసుకుంది.

"నువ్వెక్కడికి?"

"మాటులోకి. కుర్చీ ఇంకోటి పడుతుందిగా."

"మాట్లాడకూడదు మరి."

"మాట్లాడను."

"ప్రశ్నలు కూడా మాటల కిందికే వస్తాయి."

కూర్చున్నాక ఆమె నిజంగానే మాట్లాడలేదు. ఎండ గుట్ట వెనక్కి వాలుతుండగా మొదట వచ్చింది చీలిన చెవిదే. మాటుకి ఎదురుగా, అడ్డంగా, ఏ వేటగాడైనా కలలో చూసేంత వాటంగా నిలబడింది. డెల్మర్ తుపాకీ నెమ్మదిగా ఎత్తాడు. ఆర్విల్లా చెయ్యి ఆయన మోచేతి మీద పడింది.

"అది వద్దు" అంది గొంతులోనే.

"ఏం?" పెదాలు కదపకుండా అడిగాడు.

"అదే మొదటిది."

"ఆర్విల్లా, దీనికోసమేగా మడి వేశావు!"

"నీకోసం వేశాను. ఇంకోటి కొట్టు. దేన్నైనా కొట్టు. అది చస్తే మిగతావి రేపటినుంచి ఏం చేస్తాయో నాకు తెలియాలి, తెలియకూడదు కూడా." తానేమంటోందో ఆమెకే సరిగా అర్థం కాలేదు.

డెల్మర్ తుపాకీ అలాగే పట్టుకుని చాలాసేపు ఉన్నాడు. ఆయన ఊపిరి తెల్లగా బయటికి వస్తోంది. జింక ఒక దుంప ముగించి రెండోదానికి వెళ్లింది. ఆయన నిట్టూర్చి గొట్టం దించాడు. ఆ నిట్టూర్పులో కోపం ఉందో లేదో ఆమె ఆయన మొహంలోకి చూసి తేల్చుకోలేకపోయింది. వెలుతురు కొద్దిగా ఉందనగా గుట్ట వైపు నుంచి బలిసిన ఆడజింకలు నాలుగు దిగాయి. డెల్మర్ వాటిలో చివరిదాన్ని ఎంచుకున్నాడు. ఒకే దెబ్బ. మిగతావన్నీ మాయమయ్యాయి. అది నాలుగడుగులు వేసి టర్నిప్ ఆకుల మధ్య పడిపోయింది.

దగ్గరకి వెళ్లాక కష్టం తెలిసింది. డెల్మర్ వంగలేడు. మంచులో మోకాళ్ల మీద కూర్చుంటే లేవలేడు. కత్తి ఆమె చేతికిచ్చాడు. చెప్పింది చెప్పినట్టు చేస్తూ, ఆర్విల్లా జీవితంలో మొదటిసారి ఒక జింక కడుపు కోసింది. వెచ్చటి ఆవిరి మొహానికి కొట్టింది. పేగులన్నీ బయటికి తీశాక డెల్మర్ "అయిపోయింది, చేతులు తుడుచుకో" అన్నాడు.

"ఉండు" అని ఆమె పొట్టసంచి కూడా చీల్చింది.

"అయ్యయ్యో! అదెందుకు?"

ఆమె టార్చి వెలుగులో వేళ్లతో విడదీసి చూసింది. నలిగిన ఆకుపచ్చ ముద్ద, తెల్లటి దుంప ముక్కలు, దేవదారు రెమ్మలు, ఎక్కడో మంచు కింద దొరికిన ఓక్ కాయ పిప్పి. వాసన కూడా చూసింది. డెల్మర్ మొదట మొహం తిప్పుకున్నాడు. కాసేపటికి కర్ర ఆనించుకుని మెడ వంచాడు.

"ఆ ఎర్రగా ఉందేంటి?"

"గులాబి కాయలు. మన కంచె మీదవి."

"ఇన్నేళ్లు ఎన్ని కోశానో... ఒక్కసారీ చూడలేదు. నాకెప్పుడూ మాంసమే గుర్తు." ఆయన ఇంకా వంగాడు. "అటు పక్కది కూడా విడదీయి."

ఫోను చేస్తే ట్రెంట్ మంచు మీద లాగే స్లెడ్డు వేసుకుని వచ్చాడు. మావయ్య టార్చి పట్టుకుని, అత్త మోచేతుల దాకా నెత్తుటితో, ఇద్దరూ జింక పొట్టలో తలలు పెట్టి వాదించుకుంటుంటే గట్టు మీదే నిలబడిపోయాడు.

"అంతా బానే ఉందా?"

"బానే ఉంది" అన్నాడు డెల్మర్. "మీ బృందంలో ఆ పచ్చడి కుర్రాడికి కబురు చెయ్యి. దుంపలు అయిపోతున్నాయి, త్వరగా రమ్మను."

అక్కడి జింకలకి సోకే జబ్బు ఉందేమోనని తల పరీక్షకి పంపి, లేదని కబురు వచ్చాక మాంసం వండుకున్నారు. ఆర్విల్లా మొదటి ముద్ద కళ్లు మూసుకుని నమిలింది. టర్నిప్ వాసన ఉందని ఆమె, లేదని ఆయన. ఆ చలికాలమంతా ఎవరు భోజనానికి వచ్చినా వాళ్ల నోట్లో ఒక ముక్క పెట్టి తీర్పు అడిగారు. ఎక్కువమంది ఎవరి పక్కన కూర్చుంటే వాళ్లకే ఓటేశారు.

మంచు కరిగాక తినగా మిగిలిన దుంపలు కుళ్లి, ఏప్రిల్ అంతా ఇంట్లో కిటికీ తెరవనివ్వలేదు. మే నెలలో కోడిపిల్లల దాణాకి ఆర్విల్లా మిల్లుకి వెళ్తే, గేలార్డ్ లోపల్నుంచి ఇంకో చిన్న సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది నాది కాదు" అందామె.

"మీ ఆయన చెప్పి పెట్టాడు. చక్కెర దుంప విత్తనం. వారం నుంచి ఫోన్లు. టర్నిప్‌కి అంతకాలం పట్టింది కదా, దీనికెంత పడుతుంది, ముందు ఆకు తింటాయా, దుంప తింటాయా... ఆర్విల్లా, దయచేసి ఆయనకి నువ్వే చెప్పు. నేను మిల్లు నడుపుకునేవాణ్ణి."

మడిలో సగం చక్కెర దుంపలు వేశారు. జూన్‌లో, మొలకలు నాలుగాకులు వేసేసరికల్లా, ఒక్క రాత్రిలో జింకలు వచ్చి వరుసకి వరుస నేలమట్టంగా మేసిపోయాయి. పొద్దున్నే డెల్మర్ పాంటు మీద చొక్కా కూడా వేసుకోకుండా మడి మధ్యలో కర్రతో నిలబడి, కొరికిన మొదళ్లని ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాడు. నష్టపోయిన మనిషి మొహం కాదది.

"వీటికి దీని సంగతి ఎవరు చెప్పారు?" అన్నాడు, ఆర్విల్లా దగ్గరకి రాగానే.